ఇంటి వైఫైని ఇంటివారికి అప్పగించాలి

టెలికాం శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

భారత ప్రభుత్వ టెలికాం శాఖ కార్యదర్శి గారికి,
న్యూఢిల్లీ.

విషయం: ఇళ్లలోని వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు, వాటి పనితీరు, భద్రత, కనెక్షన్ ఇచ్చే సంస్థలకు ఉండాల్సిన బాధ్యతలు.

ఆర్యా,

రెండు గానీ అంతకు మించి గానీ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలిపితే అది కంప్యూటర్ నెట్‌వర్క్ అవుతుంది. ఆ లెక్కన హాల్లో టీవీ పక్కన మినుకుమినుకుమనే వైఫై డబ్బా, దాన్ని అందుకునే ఫోన్లు, స్మార్ట్ టీవీ, పిల్లల ల్యాప్‌టాప్, గేటు మీది సీసీ కెమెరా అన్నీ కలిసి ఒక పూర్తిస్థాయి నెట్‌వర్కే. బ్యాంకులోనో కాలేజీలోనో అయితే నెట్‌వర్క్‌ను చూసుకోవడానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకుంటారు. ఇంట్లో ఆ పని ఇంటివారి మీదే పడుతుంది. ఆ సంగతి మాత్రం వారికి ఎవరూ చెప్పరు. కనెక్షన్ ఇచ్చే సంస్థలు ఫైబర్ తీగను గుమ్మం దాకా తెస్తున్నాయి గానీ, గుమ్మం లోపల ఏర్పడిన నెట్‌వర్క్‌ను ఇంటివారికి అప్పగించడం లేదు. ఆ అప్పగింతను ఒక నిబంధనగా మార్చాలన్నదే ఈ లేఖలోని విన్నపం. దాని అవసరం తెలియాలంటే నెట్‌వర్క్‌ల రకాలేమిటో, వాటిలో ఇంటి వైఫై స్థానం ఎక్కడో, అది ఎలా పనిచేస్తుందో వరుసగా చూడాలి.

నెట్‌వర్క్‌ల రకాలు

నెట్‌వర్క్‌లను సాధారణంగా అవి ఆక్రమించే మేరను బట్టి విభజిస్తారు. అన్నిటికన్నా చిన్నది వ్యక్తిగత నెట్‌వర్క్, అంటే పాన్. ఫోన్‌ను బ్లూటూత్‌తో ఇయర్‌ఫోన్లకో చేతి గడియారానికో కలిపితే ఏర్పడేది ఇదే; మామూలుగా పది మీటర్లు దాటదు. దాని తర్వాతది స్థానిక నెట్‌వర్క్, అంటే లాన్. ఒక ఇల్లు, ఒక మీసేవ కేంద్రం, ఒక బడిలోని కంప్యూటర్ గది దీని పరిధి. లాన్‌లో తీగల బదులు రేడియో తరంగాలు వాడితే అది వైర్‌లెస్ లాన్. జనం వైఫై అనేది దాన్నే. ఉస్మానియా విశ్వవిద్యాలయం వంటి ప్రాంగణంలో అనేక భవనాల లాన్‌లను కలిపితే క్యాంపస్ నెట్‌వర్క్ అవుతుంది. ఊరంతటినీ కలిపేది మెట్రోపాలిటన్ నెట్‌వర్క్, అంటే మాన్. ఒక నగరంలోని కూడళ్ల కెమెరాలన్నిటినీ ఒక్క కంట్రోల్ రూముకు చేర్చే ఫైబర్ వలయం ఇందుకు ఉదాహరణ.

ఊళ్లు, రాష్ట్రాలు, దేశాలు దాటేది విస్తృత నెట్‌వర్క్, అంటే వాన్. బ్యాంకు శాఖలన్నీ ఒకే ఖాతా పుస్తకం చూడగలగడం, ఏ స్టేషన్‌లో అడిగినా అదే బెర్తు ఖాళీ కనిపించడం దీని చలవే. ప్రభుత్వ కార్యాలయాలను కలిపే నిక్‌నెట్, రాష్ట్రాల సొంత విస్తృత నెట్‌వర్క్‌లైన స్వాన్‌లు, పట్టాల వెంట ఫైబర్ పరిచిన రైల్‌టెల్, గ్రామ పంచాయతీలను కలిపే భారత్‌నెట్ అన్నీ విస్తృత నెట్‌వర్క్‌లే. తెలుగు రాష్ట్రాలు ఈ పని రెండు దారుల్లో చేశాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలను వాడుకున్నారు. ఇలాంటి లక్షలాది నెట్‌వర్క్‌లను ఒకే నియమావళి కింద కలిపిన మహా నెట్‌వర్కే ఇంటర్నెట్.

ఈ రకాలకు దూరంలో ఎంత తేడా ఉందో బాధ్యతలోనూ అంతే ఉంది. వాన్‌ను నడిపే సంస్థకు లైసెన్సు, నిబంధనలు, తనిఖీ ఉంటాయి. లాన్‌కు అవేవీ ఉండవు. అది ఉన్న చోటు ఎవరిదైతే బాధ్యత వారిదే. ఇంటి వైఫై లాన్ గనుక అది ఇంటివారి నెట్‌వర్క్, దానికి బయటి నుంచి వచ్చే కనెక్షన్ సంస్థది. ఈ సరిహద్దు గుర్తించకపోవడం వల్లే ఎన్నో ఫిర్యాదులు తప్పు తలుపు తడుతున్నాయి.

పనితీరును బట్టి మరో విభజన ఉంది. ఒక సర్వర్ వద్ద సమాచారం ఉంచి మిగతావన్నీ దాన్ని అడిగి తీసుకుంటే అది క్లయింట్-సర్వర్ పద్ధతి. అన్నీ సమానంగా ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటే పీర్-టు-పీర్ పద్ధతి. బహిరంగ ఇంటర్నెట్ మీదుగానే ప్రయాణిస్తూ, లోపలి మాటను సంకేతభాషలోకి మార్చి మూడోవారికి అందకుండా చేసేది వీపీఎన్; ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులకు ఇది నిత్యం వాడుకే. ఇక అమరికను బట్టి బస్, రింగ్, స్టార్, మెష్ అనే రూపాలున్నాయి. మామూలు ఇంటి వైఫై స్టార్ రూపంలో ఉంటుంది. పరికరాలన్నీ మధ్యలోని డబ్బాతోనే మాట్లాడతాయి. అందుకే అది ఆగితే అన్నీ ఆగిపోతాయి, అది పరుల చేతికి చిక్కితే అన్నిటికీ దారి దొరుకుతుంది.

తీగ లేని నెట్‌వర్క్ పుట్టుక

తీగలతో లాన్‌ను నడిపే ఈథర్‌నెట్ 1973లో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచనగా మొదలైంది. ఆయనకు ప్రేరణ ఇచ్చినది మాత్రం తీగ లేని నెట్‌వర్కే. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపే అలోహానెట్‌ను 1971లో నడిపింది. 1985లో అమెరికా కొన్ని రేడియో పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోనివ్వడంతో ఇంటింటి వైర్‌లెస్‌కు దారి పడింది. 1997లో ఐట్రిపులీ సంస్థ 802.11 ప్రమాణాన్ని ప్రకటించింది. అప్పటి గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో వచ్చిన 802.11బి దాన్ని 11కు, 2003 నాటి 802.11జి 54కు పెంచాయి. 2009లో 802.11ఎన్, 2013లో 802.11ఏసీ, 2021లో 802.11ఏఎక్స్ వచ్చాయి. ఈ మూడింటినే వైఫై 4, 5, 6 అని పిలుస్తున్నారు.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విస్తారమైన భాగానికి 2018లోనూ టెలికాం శాఖ లైసెన్సు అవసరం తీసేసింది. ఇవాళ ఇంటింటా వైఫై ఉందంటే ఆ రెండు నిర్ణయాల వల్లే. తరంగాలను ప్రజలకు వదిలిన శాఖే, వాటిని సురక్షితంగా వాడుకునే తోవ కూడా చూపించాలి.

డబ్బా లోపల ఉన్నవి

కనెక్షన్‌తో ఇచ్చే డబ్బా ఒక్కటే అయినా అందులో నాలుగు పరికరాల పని జరుగుతుంది. మొదటిది ఓఎన్‌యూ: ఫైబర్‌లో వచ్చే వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు మోసే ఒక ఫైబర్‌ను స్ప్లిట్టర్లతో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. తన ఇంటి వాటాను వేరుచేసి తీసుకునేది ఓఎన్‌యూనే. రెండోది రూటర్: ఇంటి లాన్‌కూ బయటి వాన్‌కూ మధ్య సరిహద్దు ఇదే. మూడోది స్విచ్: వెనక ఉన్న పోర్టుల్లో తీగతో పెట్టిన పరికరాలను కలుపుతుంది. నాలుగోది యాక్సెస్ పాయింట్: రేడియో తరంగాలు పంపి, అందుకుంటుంది.

ఇంట్లోని ప్రతి పరికరానికీ రూటర్ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. సాధారణంగా అది 192.168తో మొదలవుతుంది. ఈ అంకెలు ఇంటి లోపలే చెల్లుతాయి, అందుకే ఎదురింట్లోనూ అవే ఉన్నా ఇబ్బంది లేదు. బయటి ప్రపంచానికి మాత్రం ఇంట్లోని పది పరికరాలూ ఒకే చిరునామాతో కనిపిస్తాయి. ఈ మార్పిడిని న్యాట్ అంటారు. పాత ఐపీవీ4 పద్ధతిలో మొత్తం చిరునామాలు దాదాపు 430 కోట్లే కావడంతో ఈ సర్దుబాటు తప్పలేదు. దీని పర్యవసానం ఒకటుంది. ఇంటి వైఫై ద్వారా ఎవరు ఏం చేసినా, బయటి రికార్డుల్లో నమోదయ్యేది ఆ ఇంటి కనెక్షనే.

గోడలు, స్లాబులు, చానళ్లు

వైఫై ప్రధానంగా రెండు పట్టీల్లో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. గోడలను కాస్త మెరుగ్గా దాటుతుంది, ఎక్కువ దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగం అందులో సగం పొడవే. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. తెలుగు ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఇనుప చువ్వలు నింపిన స్లాబులు సర్వసాధారణం. ఇనుము వంటి లోహం తరంగాలను తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. అందుకే బీరువా వెనక, నిలువుటద్దం చాటున, నీళ్ల ట్యాంకు పక్కన సిగ్నల్ పడిపోతుంది. తీగ వీధి గుమ్మం పైనుంచి లోపలికి వస్తుంది గనుక డబ్బాను కూడా అక్కడే, టీవీ వెనక మేకుకు తగిలించి వెళ్తారు. దాంతో సగం సిగ్నల్ వీధిపాలవుతుంది, వెనక పడకగదిలో చదువుకునే పిల్లకు అందదు. కొన్ని మీటర్ల తీగ ఎక్కువ వేసి, ఇంటి నడుమ, మనిషి ఎత్తున, చుట్టూ అడ్డం లేకుండా పెడితే చాలా ఇళ్లలో వేరే ఖర్చు లేకుండానే ఇబ్బంది తీరుతుంది.

చానళ్లది మరో సమస్య. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 13 చానళ్లున్నా, ఒక్కో చానల్‌కు మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, వైఫైకి కావాల్సిన వెడల్పేమో 20 మెగాహెర్ట్జ్. కాబట్టి ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 ఈ మూడే. ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఇరవై డబ్బాలు ఈ మూడింటినే పంచుకోవాలి. వైఫైలో సాధారణంగా ఒక చానల్ మీద ఒకసారి ఒక్క పరికరమే మాట్లాడగలదు. మిగతావి విని, ఖాళీ దొరికే దాకా ఆగాలి. రాత్రి ఎనిమిది దాటాక కనెక్షన్ బాగానే ఉన్నా సినిమా ఆగి ఆగి రావడానికి ఇదొక ముఖ్య కారణం. టీవీని, డెస్క్‌టాప్‌ను ఈథర్‌నెట్ తీగతో కలిపితే అవి ఈ క్యూలోంచి తప్పుకుంటాయి. క్యాట్ 5ఈ తీగ వంద మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్‌ను మోస్తుంది.

మేడ మీది పోర్షన్‌కు వైఫై చేరకపోతే చాలామంది రిపీటర్ కొంటారు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్న ప్రతి మాటనూ మళ్లీ పలకాలి, అందువల్ల వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైకి ఒక తీగ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టడం మంచి పద్ధతి. తీగ వేయడం కుదరనప్పుడు, తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో ఉన్న మెష్ డబ్బాలు మేలు.

వేగం లెక్క

కనెక్షన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు, ఫైళ్ల పరిమాణాన్ని మెగాబైట్లలో చూపిస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల ప్లాన్‌లో సెకనుకు వచ్చేది 12.5 మెగాబైట్లే, వెయ్యి మెగాబైట్ల సినిమాకు ఎంత లేదన్నా 80 సెకన్లు పడుతుంది. ఇది మోసం కాదు, కొలమానాల తేడా.

రెండో చిక్కు వైఫైది. ఒకే యాంటెన్నా ఉన్న వైఫై 4 ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ మీద గరిష్ఠంగా 72 మెగాబిట్లతో కలుస్తుంది; అందులో నిజంగా చేతికందేది 40, 50కి మించదు. ఆ ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి, 100 మెగాబిట్లకు డబ్బు కడితే 45 ఇస్తున్నారని ఫిర్యాదు చేస్తారు. అక్కడ తక్కువైంది ప్లాన్ కాదు, ఫోన్ శక్తి. 200 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్న ఇంట్లో డబ్బాకు 100 మెగాబిట్ల పోర్టే ఉంటే, తీగతో పరీక్షించినా 95 దాటదు. ఆ లోపం మాత్రం డబ్బా ఇచ్చిన సంస్థదే. లాన్ లోపమో వాన్ లోపమో తేల్చే పద్ధతి సులువైనదే: గిగాబిట్ పోర్టుకు ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి పరీక్షించాలి. తీగ మీద పూర్తి వేగం వస్తే లోపం ఇంటి వైఫైలో ఉంది. రాకపోతే బయట ఉంది. కనెక్షన్ పెట్టిన రోజే ఈ పరీక్ష ఇంటివారి ఎదుట చేసి చూపిస్తే ఎన్నో గొడవలు పుట్టకుండానే ఆగిపోతాయి.

భద్రత

తరంగాలకు ప్రహరీ గోడ అడ్డం కాదు. అందుకే వైఫైకి సంకేతభాష, పాస్‌వర్డ్ తప్పనిసరి. 1997 నాటి డబ్ల్యూఈపీ రక్షణలోని లోపం 2001లోనే బయటపడింది. తాత్కాలిక ఉపశమనంగా 2003లో డబ్ల్యూపీఏ వచ్చింది. ఆ తర్వాత 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. ఇవాళ డబ్ల్యూపీఏ2 కంటే తక్కువది ఏ ఇంట్లోనూ ఉండకూడదు.

రక్షణ ఎంత గట్టిదైనా పాస్‌వర్డ్ బలహీనమైతే వృథా. కనెక్షన్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు తొందరలో ఇంటాయన ఫోన్ నంబరునో, పేరు పక్కన 123నో పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లడం ఊరూరా ఉన్న అలవాటు. ఫోన్ నంబరులో పది అంకెలున్నా మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి కావాలి. మొత్తం 400 కోట్ల అవకాశాలు. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లను ఈనాటి శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు పది లక్షలకు పైగా సరిచూడగలదు. అంటే గంటా పది నిమిషాలు తిరక్కుండానే దేశంలోని ఫోన్ నంబర్లన్నీ అయిపోతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకుంటే ఈ లెక్క ఎన్నో రెట్లు కఠినమవుతుంది, గుర్తుంచుకోవడమూ తేలికే.

పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపేందుకు డబ్బా వెనక ఉండే డబ్ల్యూపీఎస్ మీట సంగతీ ఇలాంటిదే. మీటతో పాటు దానికి ఎనిమిదంకెల పిన్ పద్ధతి కూడా ఉంటుంది. చూడ్డానికి పది కోట్ల అవకాశాలు. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కగట్టేది కావడం, డబ్బా ఆ పిన్‌ను రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూడటం వల్ల, మొదటి ముక్కకు పదివేలు, రెండో ముక్కకు వెయ్యి, వెరసి 11,000 ప్రయత్నాలు చాలని 2011 డిసెంబరులో వెల్లడైంది. ఆ పిన్ పద్ధతిని ఆపేసి ఉంచడమే క్షేమం.

వైఫై పాస్‌వర్డ్ కాక రూటర్‌కు ఇంకో పాస్‌వర్డ్ ఉంటుంది: దాని సెట్టింగులను మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్. చాలా ఇళ్లలో అది ఫ్యాక్టరీలో పెట్టిన అడ్మిన్ అనే మాటగానే మిగిలిపోతుంది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ అలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని, అరవై పైచిలుకు జంటలను ప్రయత్నిస్తూ, ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కెమెరాలను, రూటర్లను లోబరచుకుంది. ఆ సేనతోనే అక్టోబరు 21న సైట్ల పేర్లకు చిరునామాలు చూపే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. అదే ఏడాది నవంబరులో మిరాయ్ మరో రూపం రూటర్లలోని ఇంకో లోపాన్ని ఆసరా చేసుకోవడంతో జర్మనీలో సుమారు 9 లక్షల ఇళ్ల కనెక్షన్లు దెబ్బతిన్నాయి. ఏ ఇంటివారూ ఆ దాడుల్లో చేయి కలపలేదు. వారి డబ్బాలు వారికి తెలియకుండా కలిశాయి.

ఈ దేశంలోనూ దృష్టాంతం ఉంది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్దిసేపటి ముందు మీడియా సంస్థలకు అందిన ఈ-మెయిల్ నవీ ముంబైలోని ఒక ఫ్లాట్ వైఫై ద్వారా వెళ్లింది. ఆ నేరంతో ఏ సంబంధమూ లేకపోయినా అందులో ఉంటున్న కుటుంబం దర్యాప్తును ఎదుర్కోవాల్సి వచ్చింది.

సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బుల వంటి చవక పరికరాలను, అద్దెకున్నవారి ఫోన్లను, చుట్టాల ఫోన్లను గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టడం మరో జాగ్రత్త. చాలా రూటర్లలో ఈ సదుపాయం ఉంది. అందులో చేరినవి ఇంటర్నెట్‌ను అందుకుంటాయి, ఇంటి కంప్యూటర్ల జోలికి పోలేవు. రూటర్ సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన డబ్బాలో కొత్తగా బయటపడ్డ లోపం ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

టెలికాం శాఖ చేయాల్సినవి

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, అమెరికాలోని కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలకు ఒకే ఉమ్మడి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో కొనేవారికి ముందే చెప్పాలని బ్రిటన్ చట్టం శాసించింది. భారతదేశంలో టెలికాం శాఖకు చెందిన బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ కమ్యూనికేషన్ సెక్యూరిటీ వైఫై డబ్బాలకు భద్రతా ప్రమాణాలు రూపొందించింది. 2017లో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం దుష్ట ప్రోగ్రామ్‌లను తొలగించే సాధనాలను ఉచితంగా ఇస్తోంది. యంత్రానికి ప్రమాణం ఉంది, రోగానికి మందు ఉంది. మధ్యలో ఉన్న మనిషికి మాత్రం సమాచారం లేదు. సవరించిన భారత్‌నెట్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో రూ.1,39,579 కోట్లు మంజూరు చేసింది. దాని వల్ల లక్షలాది గ్రామీణ కుటుంబాలు మొదటిసారి సొంత నెట్‌వర్క్‌కు బాధ్యులవుతాయి. కనుక కింది ఐదింటిని కనెక్షన్ ఇచ్చే ప్రతి సంస్థకూ నిబంధనగా చేయాలి.

ఒకటి: ప్రతి డబ్బాకూ వేర్వేరు వైఫై, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు ఉండాలి. పెట్టిన రోజే ఇంటివారి చేత మార్పించాలి. ఫోన్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టడాన్ని నిషేధించాలి.

రెండు: అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంటివారికి తెలిపి తీరాలి. సంస్థ దూరం నుంచి డబ్బాను నిర్వహిస్తుంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలి.

మూడు: భద్రతా అప్‌డేట్లు ఏ నెల, ఏ సంవత్సరం వరకు వస్తాయో డబ్బా మీద ముద్రించాలి. గడువు దాటిన అద్దె డబ్బాలను సంస్థే తన ఖర్చుతో మార్చాలి.

నాలుగు: పెట్టిన రోజున తీగతో ఒకసారి, దూరపు గదిలో వైఫైతో ఒకసారి వేగం కొలిచి, రెండు అంకెలూ కాగితం మీద రాసివ్వాలి. వైఫై అంకె బాగా తక్కువైతే డబ్బా స్థలం మార్చి మళ్లీ కొలవాలి.

ఐదు: ఒక పేజీ మార్గదర్శిని ఆ రాష్ట్ర భాషలో ఇవ్వాలి. పాస్‌వర్డ్ మార్చడం, గెస్ట్ నెట్‌వర్క్ పెట్టడం, డబ్ల్యూపీఎస్ ఆపడం, అప్‌డేట్ చేయడం, ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలుసుకోవడం అందులో బొమ్మలతో ఉండాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో ఉండాలి.

వీటిలో ఏదీ కొత్త సాంకేతికతను కోరదు. కనెక్షన్ పెట్టే మనిషి ఇంకో అరగంట వెచ్చించడం, సంస్థ ఒక కాగితం అచ్చువేయడం, డబ్బా మీద ఒక తేదీ ముద్రించడం సరిపోతుంది. తీగను గుమ్మం దాకా చేర్చే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకి రానిది. ఐదు నిబంధనలనూ ముసాయిదాగా ప్రకటించి, ప్రజల అభిప్రాయాలు సేకరించి, లైసెన్సు షరతుల్లో చేర్చవలసిందిగా శాఖకు విజ్ఞప్తి.

ఇట్లు,
ఒక బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారు